పొగమంచులో పాత కార్ల సంత

సెకండ్‌హ్యాండ్ కారు అమ్మాలంటే ఎవరైనా ఏం చేస్తారు? శుభ్రంగా కడిగిస్తారు. నాలుగు ఫొటోలు తీస్తారు. తెలిసినవాళ్ల చెవిన వేస్తారు. బేరం కుదిరితే ఆర్సీ పుస్తకం, తాళాలు కొన్నవాళ్ల చేతిలో పెట్టి ‘హమ్మయ్య’ అనుకుంటారు. అమెరికా పడమటి తీరంలో ఓ చిన్న ద్వీపకల్పం ఉంది. ఏటా ఆగస్టులో అక్కడా వాడిన కార్లే అమ్ముతారు. కాకపోతే ఆ సంతకు ప్రపంచం నలుమూలల నుంచీ జనం విమానాలెక్కి వస్తారు. ఓ కుటుంబం నలభై అయిదేళ్లు కంటికి రెప్పలా కాచుకున్న టాపులేని కారు 2013లో అక్కడ ఏకంగా 2 కోట్ల 75 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ ఊరు... కాలిఫోర్నియాలోని మాంటెరీ!

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి దక్షిణంగా రెండున్నర గంటలు కారులో వెళితే మాంటెరీ వస్తుంది. దారిలో సలీనాస్ లోయ. కనుచూపు మేరా లెట్యూస్, స్ట్రాబెర్రీ తోటలు. నోబెల్ బహుమతి అందుకున్న రచయిత జాన్ స్టెయిన్‌బెక్ పుట్టింది అక్కడే. మాంటెరీలోని క్యానరీ రో అనే వీధిని ఆయన నవలే ప్రపంచానికి పరిచయం చేసింది. ఒకప్పుడు అక్కడ సార్డీన్ చేపల్ని డబ్బాల్లో నింపే కర్మాగారాలుండేవి. సముద్రంలో చేపలు తగ్గిపోయి అవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. అలాంటి ఓ కర్మాగారం ఉన్నచోటే 1984లో పెద్ద ఆక్వేరియం తెరిచారు. ఇప్పుడు ఊరికి వచ్చే పర్యాటకులు ముందు అడిగేది దాని గురించే.

శాన్‌హోసే, సన్నీవేల్, ఫ్రీమాంట్‌లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లకు ఈ తీరం బాగా పరిచయం. ఇండియా నుంచి అమ్మానాన్నా వస్తే గోల్డెన్ గేట్ వంతెన తర్వాత చూపించేది దీన్నే. 17-మైల్ డ్రైవ్‌లో టోలు కట్టి లోపలికెళితే ఓ పక్క దేవదారు, సైప్రస్ చెట్ల అడవి. మరో పక్క రాళ్లకు కొట్టుకునే పసిఫిక్ అలలు. కొండరాయి మీద ఒంటరిగా నిలబడిన ‘లోన్ సైప్రస్’ చెట్టు దగ్గర అందరూ ఫొటో దిగాల్సిందే. ఆగస్టు కదా, ఎండాకాలమే కదా అని పల్చటి చొక్కాతో వెళ్లారో... వణుకే! చల్లటి సముద్రం మీద నుంచి పొగమంచు తెరలు తెరలుగా వచ్చి ఒడ్డును కప్పేస్తుంది. మధ్యాహ్నానికి గానీ సూర్యుడు కనపడడు. టాపులేని కార్లకు ఇంత పేరున్న ఊళ్లో వాతావరణం మాత్రం టాపు వేసుకోమనే చెబుతుంది!

పందెంతో మొదలు

ఈ కార్ల పండగ 1950లో మొదలైంది. అప్పట్లో పెబుల్ బీచ్ అడవిలోని సన్నటి దారుల్లో కార్ల పందేలు పెట్టేవాళ్లు. వాటికి తోడుగా అందమైన కార్ల ప్రదర్శన ఒకటి ఏర్పాటు చేశారు. అదే ‘కాంకూర్ డెలిగాన్స్’. ఫ్రెంచి మాట. అందచందాల పోటీ అని అర్థం. ముందు చిన్నగానే ఉండేది. జనమంతా పందేల కోసమే వచ్చేవాళ్లు. అయితే దారికి అటూ ఇటూ చెట్లే! 1956లో ఎర్నీ మెకఫీ అనే డ్రైవరు నడుపుతున్న ఫెరారీ అదుపు తప్పి చెట్టును ఢీకొంది. ఆయన చనిపోయాడు. దాంతో అడవిలో పందేలు ఆగిపోయాయి. మరుసటి ఏడాది, 1957లో, సైన్యానికి చెందిన ఫోర్ట్ ఆర్డ్ భూముల్లో లగునా సెకా అనే పందేల ట్రాక్ సిద్ధమైంది. పందెం అటు వెళ్లిపోయింది. అందాల పోటీ మాత్రం సముద్రపుటొడ్డునే ఉండిపోయింది.

పండగలో చివరి రోజు ఆదివారం. ఆ తెల్లవారుజామున పెబుల్ బీచ్ గోల్ఫ్ మైదానంలో పద్దెనిమిదో హోల్ దగ్గరి పచ్చిక మీదికి కార్లు ఒక్కొక్కటే వస్తాయి. ఇంకా చీకటి విడిచి ఉండదు. వందేళ్ల నాటి ఇంజిన్ల చప్పుడు, పెట్రోలు వాసన, మంచులోంచి రెండు పసుప్పచ్చ దీపాలు... ఇవి చూడ్డానికే జనం దుప్పట్లు కప్పుకుని, కాఫీ కప్పులు పట్టుకుని అయిదింటికల్లా వచ్చి నిలబడతారు. దాదాపు రెండొందల కార్లు పోటీకి దిగుతాయి. న్యాయనిర్ణేతలు దగ్గరికొచ్చి ఇంజిను మోగించమంటారు, దీపాలు వెలిగించమంటారు, హారను కొట్టమంటారు. అంతకు ముందు గురువారం ఈ కార్లతోనే ఓ యాత్ర ఉంటుంది. పదుల మైళ్లు తీరం వెంట నడపాలి. పోటీలో రెండు కార్లకు సమానంగా మార్కులొస్తే ఆ యాత్ర పూర్తిచేసిన కారుదే పైచేయి. కదలని బొమ్మకు ఇక్కడ విలువ తక్కువన్నమాట!

వారమంతా కార్లే

ఆదివారం ఒక్కరోజే కాదు, ఆ వారమంతా ద్వీపకల్పంలో ఎక్కడ చూసినా కార్లే. పక్కనే కార్మెల్ అనే చిన్న ఊరుంది. నటుడు క్లింట్ ఈస్ట్‌వుడ్ 1986 నుంచి రెండేళ్లు దానికి మేయరు. ఎత్తుమడమల చెప్పులు వేసుకోవాలంటే పురపాలక సంఘం అనుమతి తీసుకోవాలని 1963లో చట్టం చేసిన ఊరది! చెట్ల వేళ్లు పైకి తేలి కాలిబాటలు ఎగుడుదిగుడుగా ఉంటాయి మరి. ఎవరైనా పడిపోయి కోర్టుకెక్కితే తలనొప్పని ముందుజాగ్రత్త. దశాబ్దాల పాటు అక్కడ ఇళ్లకు నంబర్లు కూడా ఉండేవి కావు. అలాంటి ఊరి వీధుల్లో ఆ వారం కోట్ల రూపాయల కార్లు కాయగూరల బండ్లలా వరసగా ఆగి ఉంటాయి.

ఇంత ఆర్భాటాన్నీ వెక్కిరించే వేడుక కూడా ఒకటుంది. పేరు ‘కాంకూర్ డి లెమన్స్’. డొక్కు కార్ల పోటీ. తుప్పు పట్టినవి, పొగ కక్కేవి, ఎందుకు తయారుచేశారో ఎవరికీ అర్థంకానివి... అన్నిటికీ అక్కడ స్వాగతమే. న్యాయనిర్ణేతలకు లంచాలు ఇవ్వడం కూడా అందులో ఆటే!

ఇక అసలు సంత. పెద్ద పెద్ద వేలం సంస్థలు ఆ వారం ఇక్కడ తలో చోట మకాం వేస్తాయి. ఆర్‌ఎం సదబీస్ వారిది మాంటెరీ ఊరి నడిబొడ్డున. గుడింగ్ వారిది పెబుల్ బీచ్‌లో. 2024లో ఆ సంస్థను క్రిస్టీస్ కొనుక్కుంది. బాన్‌హామ్స్, మెకమ్ లాంటివి మరికొన్ని. బాలాపూర్ లడ్డూ వేలం చూసినవాళ్లకు ఇక్కడి పద్ధతి కొత్తేమీ కాదు. పాట పెరిగేకొద్దీ హాల్లో ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం. ఒకటోసారి, రెండోసారి అంటూ చివరికి సుత్తి దెబ్బ. తేడా అల్లా పాడేవాడి చేతిలో నంబరు అట్ట ఉంటుంది. అంతకు ముందే బ్యాంకు నుంచి ‘ఈయన దగ్గర డబ్బుంది’ అని కాగితం తెచ్చి పేరు నమోదు చేసుకుని ఉండాలి. కొందరు ఫోన్లోనే పాడతారు. వాళ్లెవరో హాల్లో ఎవరికీ తెలియదు.

అమ్మేవాడికీ కొన్ని హక్కులున్నాయి. ఇంతకు తక్కువైతే ఇవ్వనని సంస్థతో ముందే ఓ కనీస ధర రాసుకోవచ్చు. దాన్ని గుట్టుగా ఉంచుతారు. పాట అక్కడిదాకా రాకపోతే బండి వచ్చిన దారినే ఇంటికి. ‘కనీస ధర లేదు’ అని ప్రకటిస్తే పాడేవాళ్లకు హుషారొస్తుంది. కానీ ఎంతొస్తే అంతకి వదులుకోవాల్సిందే. గుండెధైర్యం ఉన్నవాళ్ల పని అది. సుత్తి పడిన ధర మీద కొన్నవాళ్లు సంస్థకు అదనంగా మరికొంత రుసుము కట్టాలి. పత్రికల్లో వచ్చే ధర ఈ రెండూ కలిపినదే.

టాపు మడిస్తే రేటు పైకి

ఒకే కారు. ఒకే ఇంజిను. ఒకే కంపెనీ. ఒకదానికి ఇనుప టాపు, ఇంకోదానికి మడిచే గుడ్డ టాపు. చాలా పాత కార్ల విషయంలో రెండో దాని ధరే ఎక్కువ. కారణం అందం ఒక్కటే కాదు, లెక్క! టాపులేని కార్లు కొత్తగా ఉన్నప్పుడు కొన్నవాళ్లు తక్కువ. వానకూ చలికీ పనికిరావు, సామాను పట్టదు, గాలికి చప్పుడు. అందుకని కంపెనీలు కొన్నే తయారుచేశాయి. మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ రోడ్‌స్టర్‌నే తీసుకుంటే, 1957 నుంచి 1963 దాకా ప్రపంచం మొత్తానికి తయారైనవి 1,858 మాత్రమే. ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేకపోవడమే ఇప్పుడు వాటికి గిరాకీ తెచ్చింది.

అయితే టాపులేని కారును కాపాడుకోవడం మామూలు కారును కాపాడుకున్నంత తేలిక కాదు. పైన ఇనుప కప్పు ఉంటే బండికి అదో వెన్నుదన్ను. అది లేకపోతే బరువంతా కింది చట్రమే మోయాలి. ఏళ్ల తరబడి గతుకుల్లో తిరిగితే మధ్యలో కుంగుతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు రంగు చూడరు, తలుపు చూస్తారు. తలుపుకీ బాడీకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉందా? తెరిచి వేస్తే తేలిగ్గా పడుతోందా? సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే అనుమానమే.

ఆ తర్వాత నీళ్ల దారి. గుడ్డ టాపు అంచుల్లోంచి వాననీరు కిందికి పోవడానికి సన్నటి గొట్టాలుంటాయి. వాటిలో ఆకులూ మట్టీ అడ్డుపడితే నీళ్లు కార్పెట్ కిందికి చేరతాయి. పైకి కారు మిలమిల మెరుస్తూనే ఉంటుంది. కాళ్ల కింద ఇనుము మాత్రం నిశ్శబ్దంగా కుళ్లిపోతుంది! సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అయితే చెప్పనక్కర్లేదు. కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడందే బేరం మాట ఎత్తరు. గుడ్డ టాపును తడిగా ఉండగా మడిచిపెడితే బూజు. వెనకవైపు ప్లాస్టిక్ కిటికీని మడతలో నలిపేస్తే పసుపు రంగు తిరిగి పగుళ్లు. ఇవన్నీ యజమాని ఓపికకు గుర్తులు.

మన మెకానిక్ షెడ్డుల్లో ‘టింకరింగ్ పడిన బండేనా?’ అని వేలితో కొట్టి చూస్తారు కదా, అక్కడ అదే పని మీటరు చేస్తుంది. రంగు పొర ఎక్కడ మందంగా ఉందో, కింద పుట్టీ ఎక్కడ పెట్టారో చెప్పేస్తుంది. ఇంజిను మీద, చట్రం మీద ఉన్న నంబర్లు కంపెనీ రికార్డులతో కలవాలి. ఆ పైన కాగితాలు. కొన్ననాటి బిల్లు, సర్వీసు రసీదులు, యజమాని పుస్తకం, కంపెనీ ఇచ్చిన పనిముట్ల సంచీ, రెండో తాళం చెవి... ముప్ఫై ఏళ్ల కిందట మార్చిన నూనెకు రసీదు దాచినవాడు బండినీ అంత జాగ్రత్తగా చూసుకుని ఉంటాడన్నది నమ్మకం. ఆ కాగితాల కట్టకే లక్షల రూపాయల విలువ.

వాడకుండా బీరువాలో దాచినట్టు దాస్తే మంచిదా అంటే, అదీ కాదు. నిలబెట్టిన బండిలో పెట్రోలు జిగురుగా మారుతుంది. రబ్బరు గట్టిపడుతుంది. బ్రేకులు పట్టేస్తాయి. అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండటమూ సంరక్షణే.

ఓ అనాథ కొన్న ఎర్రకారు

2013 ఆగస్టులో ఇక్కడ జరిగిన వేలాన్ని కార్లవాళ్లు ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. దాని మొదలు తెలియాలంటే నలభై అయిదేళ్లు వెనక్కి వెళ్లాలి.

లుయీజీ కినెట్టి అనే ఆయన లె మాన్స్ 24 గంటల పందేన్ని మూడుసార్లు గెలిచిన మొనగాడు. ఇటలీలో పుట్టి అమెరికాలో స్థిరపడి ఫెరారీ కార్లు దిగుమతి చేసుకుని అమ్మేవాడు. 275 జీటీబీ/4 అనే మోడల్‌కు టాపు లేకుండా చేసిస్తే అమెరికాలో అమ్ముతానని ఫెరారీని ఒప్పించాడు. మోడెనాలోని స్కాలియెట్టి కార్ఖానాలో పని మొదలైంది. కినెట్టి పందేల జట్టు పేరు మీద వాటిని నార్ట్ స్పైడర్లు అన్నారు. 25 చేద్దామనుకున్నారు. కొనేవాళ్లు అంతగా ముందుకు రాలేదు. 1967, 68లలో పది తయారయ్యాయి. అంతే! మొదటిది సెబ్రింగ్ 12 గంటల పందెంలో పరుగెత్తింది. దాన్ని నడిపింది ఇద్దరు మహిళలు, డెనీస్ మెక్లగేజ్, పింకీ రోలో. తర్వాత ‘ది థామస్ క్రౌన్ ఎఫైర్’ సినిమాలోనూ అదే కనిపించింది.

ఆ పదింటిలో ఒకదాన్ని 1968లో ఎడీ స్మిత్ అనే వ్యాపారి కొత్తగా కొన్నాడు. ఊరు నార్త్ కరోలినా రాష్ట్రంలోని లెక్సింగ్టన్. చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకుని అనాథాశ్రమంలో పెరిగినవాడాయన. పోస్టులో ఆడవాళ్ల మేజోళ్లు అమ్మే వ్యాపారం పెట్టి పైకొచ్చాడు. చేతిలో డబ్బాడాక ఫెరారీ కొనుక్కున్నాడు. ఆ తర్వాత ధరలు పెరుగుతూ పోయాయి. అయినా అమ్మలేదు. 2005లో సెబ్రింగ్‌లో పరుగెత్తిన ఆ మొదటి నార్ట్ స్పైడర్ పెబుల్ బీచ్ వేలంలో 39 లక్షల 60 వేల డాలర్లు పలికింది. అప్పటి లెక్కలో 17 కోట్ల రూపాయలకు పైమాటే. స్మిత్ అప్పుడూ తన బండిని కదపలేదు. 2007లో ఆయన కన్నుమూశాడు.

మిగిలింది కుటుంబం, కారు. తండ్రి జ్ఞాపకంగా షెడ్డులోనే ఉంచుకోవాలా? అమ్మాలా? ఆస్తిపాస్తులున్న ఏ ఇంట్లోనైనా ఎదురయ్యే ప్రశ్నే ఇది. తాత కట్టిన పెంకుటిల్లు, అమ్మమ్మ కాసులపేరు... ఉంచుకుంటే బరువు, అమ్మితే బాధ. ఆరేళ్ల తర్వాత ఆ కుటుంబం ఓ నిర్ణయానికొచ్చింది. కారు అమ్ముతాం, వచ్చిన డబ్బు దానధర్మాలకు ఇస్తాం అని ప్రకటించింది.

ఆ శనివారం రాత్రి మాంటెరీలోని వేలం హాలు కిక్కిరిసిపోయింది. ఒక్క చేయే మారని బండి. మన సంతల భాషలో చెప్పాలంటే ‘సింగిల్ ఓనర్’! కోటీ డెబ్భై లక్షల డాలర్ల దాకా పలకొచ్చని సంస్థ అంచనా. పాట దాన్ని దాటింది. రెండు కోట్లు దాటింది. 2 కోట్ల 50 లక్షల దగ్గర సుత్తి పడింది. పది శాతం రుసుముతో కలిపి 2 కోట్ల 75 లక్షలు. ఆనాటి మారకంలో దాదాపు 170 కోట్ల రూపాయలు. 2005లో అమ్ముడైన కారుకు వచ్చినదానికి ఇది ఏడు రెట్లు! అప్పటికి అమెరికాలో ఏ కారూ వేలంలో అంత పలకలేదు. అనాథగా పెరిగినవాడి సరదా చివరికి దానధర్మాలకు చేరింది.

పాత రంగు మళ్లీ రాదు

అన్ని పాటలూ ఇలాగే ముగుస్తాయనుకుంటే పొరపాటే. ఏటా ఎన్నో బండ్లు కనీస ధర అందుకోలేక వెనక్కి పోతాయి. ఒక తరం వెర్రిగా కోరుకున్న కారును తర్వాతి తరం పట్టించుకోకపోవచ్చు. మంచి సరుకుకు మాత్రం ఇప్పటికీ కొనేవాళ్లున్నారు. 2025 ఆగస్టులో పెబుల్ బీచ్‌లో 1961 నాటి ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ ఒకటి 2 కోట్ల 53 లక్షల డాలర్లకు వెళ్లింది. అంటే సుమారు 220 కోట్ల రూపాయలు. అదీ టాపులేని కారే.

బాగా చూసుకోవడం అంటే ఏమిటన్న లెక్క కూడా మారింది. ఒకప్పుడు పాత కారంటే విప్పదీసి, కొత్త రంగు వేసి, కొత్త తోలు తొడిగి పెళ్లికూతుర్ని చేసేవాళ్లు. పెబుల్ బీచ్‌లో మొదటి బహుమతులూ అలాంటివాటికే వెళ్లేవి. 2024లో ఆ ఆనవాయితీ తప్పింది. 1934 నాటి బుగాటీ టైప్ 59 పోటీకి వచ్చింది. అక్కడక్కడా వెలిసిన పాత రంగు, వాడకంతో నలిగిన తోలు. ఎవరూ కొత్తది చేయలేదు. ఆ పోటీ చరిత్రలో అలాంటి కారు మొదటి బహుమతి గెలవడం అదే తొలిసారి. కొత్త రంగు ఎన్నిసార్లయినా వేయొచ్చు. పాత రంగును మాత్రం ఎంత డబ్బు పోసినా మళ్లీ తేలేం!

మన దగ్గర కథ వేరు. 1950కి ముందు నాటి కార్ల ఎగుమతి మీద మన ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. 2018లో పెబుల్ బీచ్‌లో రాజుల కాలం నాటి భారతీయ కార్లకు ప్రత్యేక విభాగం పెడితే, ఇక్కడి నుంచి వెళ్లినవి చూపించుకుని తిరిగి రావాల్సినవే. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపు రంగు రోల్స్‌రాయిస్‌దీ ఆ కాలమే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చాడు. కానీ 1911లోనే పోయాడు, దాన్లో ఎక్కనే లేదు. ఊరేగింపులకే వాడటంతో నాలుగొందల మైళ్లు కూడా తిరగలేదంటారు. సింహాసనంలాంటి సీటుతో, ఎక్కాల్సినవాడు ఎక్కకుండానే మిగిలిపోయింది ఆ బండి. లెక్సింగ్టన్ కారు అలా కాదు. కొన్నవాడే దశాబ్దాల పాటు మనసారా నడుపుకున్నాడు.

వెళ్లాలంటే...

కార్ల వారం ఆగస్టు నడిమధ్యలో వస్తుంది. ఆ రోజుల్లో హోటల్ గదుల రేట్లు ఆకాశాన్నంటుతాయి. సలీనాస్‌లోనో శాన్‌హోసేలోనో బస చేసి పొద్దున్నే వెళ్లిరావడం నయం. ఆదివారం ప్రదర్శనకు టిక్కెట్టు వందల డాలర్లలో ఉంటుంది. అంత పెట్టలేకపోతే కార్మెల్ వీధుల్లో నిలబడినా చాలు. దారినపోయే కార్లే ఓ ప్రదర్శన! వేలానికి ముందు బండ్లను దగ్గర్నుంచి చూసే రోజులూ ఉంటాయి. తలుపు సందులు, కాళ్ల కింద కార్పెట్, సర్వీసు కాగితాల కట్ట... కొనేవాళ్లు వేటిని తడిమి చూస్తున్నారో గమనిస్తే మన ఇంటి ముందున్న కారును ఎలా చూసుకోవాలో కూడా తెలిసిపోతుంది. ఒంటి మీద స్వెట్టరు మాత్రం మరవకూడదు.